దాలయ్య బార

ఎనిమిదో తరగతి పుస్తకం ఒడియాలో ఉంది.
పిల్లల ఇళ్ళలో తెలుగు.
మధ్యన నేను,
బరంపురం నుంచి పొద్దున బస్సు దిగి
నోట్లో రెండు భాషల ఇసుక నములుకుంటూ
పాఠం మొదలుపెడతాను.

మహీసోపానం, అని నల్లబల్ల మీద రాశాను.
నేల సముద్రంలోకి దిగే మొదటి మెట్టు.
వాలుందో లేదో తెలియనంత మెల్లగా
పది కోసులు పోయి
ఉన్నట్టుండి అంచు.

"మెట్టు కాదు టీచర్, బురద.
మా తాత చూశాడు," అంది కొర్లమ్మ మూడో బెంచీలోంచి.
సముద్రం అడుగు ఎలా చూశాడే?
"నాలికతో."

సాయంత్రం బస్సు వదిలేశాను.

బాహుదా మొగ దగ్గర
తుఫాను తర్వాత కట్టిచ్చిన సిమెంటు ఇంటి అరుగు మీద
దాలయ్య సీసపు గుండు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.
పసిపిల్లంత బరువు.
అడుగున వేలెడు గుంట, గుంటలో సబ్బు.
తాడు కొసన కిందికి పోయి
నేలను కాస్త కొరుక్కుని వస్తుంది.
మెత్తటి బురదైతే రొయ్య.
గరుకు ఇసకైతే ఇంకో అరగంట తెడ్డు.
ఏమీ అంటక, సీసం సొట్టపడి వస్తే
రాతి పారు,
వల తియ్యి, పడవ తిప్పు.
రుచి చూసి చెబుతాడు
ఈ బురద బాహుదాదా, ఋషికుల్యదా.

ఇక దూరానికి మహేంద్రగిరి.
కొండ పాదాలు మునిగితే ఇరవై బారలు.
మోకాళ్ళు మునిగితే నలభై.
నడుముకంటా మునిగితే గుండు దాచెయ్యి.
(భూమి గుండ్రమని చెప్పే పాఠం
నేను ఆరో తరగతిలో నిమ్మకాయతో చెప్పాను.)

దాచెయ్యకపోతే?

"ఓపాలి ఏసినాను.
పక్క పడవ తాడు కూడా ముడేసి నూటముప్పై బారలు.
గుండు ఊగుతానే ఉంది.
అక్కడ నేల నేదు పంతులమ్మా."

ఉంది, అన్నాను.
పదిహేను వందల బారల కింద ఉంది.
గంగ, బ్రహ్మపుత్ర హిమాలయాన్ని అరగదీసి
కోట్ల ఏళ్ళుగా తెచ్చి పోసిన బురద,
నీ మహేంద్రగిరిని నిలువునా పాతిపెట్టినా
శిఖరం పైకి తేలదు.
వెలుతురు అక్కడిదాకా రాదు.
పైన చచ్చిన చిన్న చిన్న ప్రాణులు మాత్రం
ఎవరో రాగిపిండి జల్లిస్తున్నట్టు
రాత్రీ పగలూ రాలుతుంటాయి.

అరవై అయిదు బారల దగ్గర
ఒకప్పుడు ఒడ్డు ఉండేదని కూడా చెప్పాను.
లోకంలోని నీళ్ళు మంచై గడ్డకట్టిన కాలంలో
అక్కడే అలలు విరిగేవి.

దాలయ్య బీడీ ఆర్పేశాడు.
"ఒడ్డు గుల్లలే తగిలినాయి నా గుండుకి, అక్కడ.
ముప్పై ఏళ్ళయింది.
ఎవుడూ నమ్మనేదు."

నాకు ఇంకా చెప్పాలనిపించింది.
ఈ సముద్రం లేని రోజుల్లో
ఈ కొండకు ఆనుకుని ఇంకో కొండ ఉండేదనీ
మధ్యన నేల చిరిగి, చిరుగులో నీళ్ళు నిండి
ఆ సగం దక్షిణ ధ్రువం మంచు కింద పడుకుందనీ.

చాలాసేపు తూర్పుకేసి చూశాడు.
"అక్కడోలు ఏ బాస?"
ఎవరూ లేరు, తాతా. మంచే.
"అయితే నయం," అన్నాడు,
"రెండు బాసల బడి అక్కర్నేదు."

మర్నాడు తాడు కొర్లమ్మ భుజం మీద బడికి వచ్చింది.
ఉప్పు వాసన, తారు వాసన.
వరండాలో పరిచి కొలిచాం.
దాలయ్య లెక్కకు ముప్పై ఎనిమిది బారలు.
నా చేతులకు నలభై మూడు.
కొర్లమ్మ రెండు చేతులూ చాపి, జారకుండా గోళ్ళతో పట్టి
మధ్యలో రెండుసార్లు లెక్క తప్పి
నలభై ఎనిమిది.

"టీచర్, నాకైతే సముద్రం ఇంకా లోతు."

మూడు అంకెలూ మహీసోపానం పక్కన రాసి
చెరపకుండా బస్సెక్కాను.